ప్లాయా కుంటల బంక నేలలు

లోతు లేని వానకుంటల అడుగున, నీరు వచ్చి నిలిచి పోతూ ఉండగా పేరుకున్న బరువైన బంక నేలలివి. అమెరికాలో టెక్సస్ వాయవ్య భాగాన్నీ న్యూ మెక్సికో తూర్పు అంచునూ కలుపుతూ పరచుకున్న లానో ఎస్టకాడో పీఠభూమి మీద వేల సంఖ్యలో కనిపిస్తాయి. అక్కడ ఈ కుంటలను ప్లాయాలంటారు. వాటి అడుగు మట్టిలో ప్రధానమైనదాన్ని నేలల సర్వేలు రాండల్ బంకమట్టిగా నమోదు చేశాయి. వర్గీకరణలో ఇది వర్టిసాల్, అంటే నల్లరేగడి చేరే వర్గమే. తడిస్తే ఉబ్బడం, ఆరితే నెర్రెలు విచ్చడం రెండింటికీ ఉన్న గుణం. రాండల్‌కు అదనంగా ఉన్నది నీటి నిలవ. ఏడాదిలో కొన్ని వారాలో నెలలో ఇది కుంట అడుగు, మిగతా కాలం బయలు. కొన్నేళ్ళు అసలు నీరే చేరదు.

ఈ నిలకడలేమి వల్ల ఒక విచిత్రం జరిగింది. టెక్సస్‌లో ప్లాయాలెన్నో లెక్క తేల్చబోయిన పరిశోధకులు నీళ్ళను నమ్ముకోలేక మట్టిని నమ్ముకున్నారు. కౌంటీల వారీ నేలల పటాల్లో రాండల్, దానికి దగ్గరి మట్లు గీసి ఉన్న చోటల్లా ఒక కుంట ఉన్నట్టు లెక్కగట్టారు. తరచుగా వినిపించే ‘దాదాపు 20 వేలు’ అన్న సంఖ్య వెనక ఉన్నది ఈ పద్ధతే. విమానం నుంచి ఫొటో తీసిన రోజున కుంట ఎండి ఉండవచ్చు, దున్ని జొన్న వేసి ఉండవచ్చు. మట్టి మాత్రం అక్కడే ఉంటుంది. ప్లాయా విషయంలో నీరు వచ్చిపోయేది, కుంట అంటే ఆ బంకమట్టేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దాన్ని కాపాడటంలో జరిగిన పొరపాట్లు చాలావరకు ఈ సంగతి మరిచిపోవడం వల్ల వచ్చినవే.

చోటు, వాన

లానో ఎస్టకాడో దాదాపు 80 వేల చదరపు కిలోమీటర్ల మేర కళ్ళం చేసినట్టు చదునుగా ఉంటుంది. ఆగ్నేయానికి ఉన్న వాలు కిలోమీటరుకు సుమారు 2 మీటర్లు, అంతే. ఏటి వాన చాలా చోట్ల 400 నుంచి 500 మిల్లీమీటర్లు. నిలిచిన నీటి నుంచి ఏడాదికి ఆవిరి కాగలిగినది దానికి మూడు రెట్లకు పైనే. వానలు ఎక్కువగా మే, సెప్టెంబరు నెలల మధ్య ఉరుములు మెరుపులతో ఒక్కసారిగా కురిసి వెలుస్తాయి. ఏరుగా సాగే వాలు లేదు కాబట్టి కురిసిన నీరు దగ్గరి పల్లానికి జారుతుంది. అక్కడ ప్రతి ప్లాయాకూ తనదైన చిన్న పరీవాహక ప్రాంతం ఉంటుంది. అందులో పడ్డ నీటికి బయటికి దారి లేదు.

చాలా ప్లాయాలు 12 హెక్టార్ల లోపువి. సగటు 6, 7 హెక్టార్ల దరిదాపు. నిండితే లోతు ఒక మీటరు ఉంటే గొప్ప. ఆకాశం నుంచి చూస్తే దాదాపు గుండ్రంగా ఉంటాయి. 1541లో బంగారు నగరాలను వెదుకుతూ ఈ మైదానం దాటిన స్పెయిన్ సేనాని కొరొనాడో బృందంలోని చరిత్రకారుడు కాస్టన్యేడా కూడా ఈ గుండ్రదనాన్ని గమనించి రాశాడు. దారి గుర్తుకు ఒక చెట్టయినా లేని బయలులో వాళ్ళకూ వాళ్ళ గుర్రాలకూ ఇవే నీటి ఆధారం.

నెవడా ఎడారిలో ప్లాయా అంటే తెల్లటి ఉప్పు బయలు. లానో ఎస్టకాడో మీద కూడా కొన్ని పదుల పెద్ద ఉప్పు సరస్సులున్నాయి. వాటిలోకి భూగర్భజలమే ఊరి వచ్చి, ఆవిరై, ఉప్పునూ జిప్సమ్‌నూ మిగులుస్తుంది. ఇక్కడ చెప్పుకుంటున్న చిన్న ప్లాయాల కథ దానికి తలకిందులు. వీటిలో నీరు పైనుంచే వస్తుంది. భూగర్భజలం ఎన్నో మీటర్ల దిగువన ఉంటుంది. అందుకే వీటి నీరు మంచినీరు, అడుగున ఉప్పు పేరుకోదు.

గట్టు నుంచి అడుగు దాకా

మెరక మీద నుంచి ప్లాయా మధ్యకు నడిస్తే కొద్ది వందల మీటర్లలోనే నేల మారిపోతుంది. ఉత్తర భాగంలో మెరక నేల ఎక్కువగా పుల్‌మన్ అనే గోధుమరంగు బంక గరువు. గోధుమ, జొన్న, పత్తి పండేది దీని మీద. కుంట అంచున అరుగులా ఉన్న చోట లాఫ్టన్ నేల. అది దాటితే బూడిదరంగు రాండల్. దక్షిణాన లబ్బక్ నగరం దాటాక మెరక నేల ఇసుకపాలు ఎక్కువైన ఎర్ర నేలగా మారుతుంది, అయినా కుంట అడుగున బంకమట్టే. చుట్టూ ఇసుక నేల, నడుమ ఇంత బంకమట్టి ఎలా వచ్చిందంటే, నీరు చేసిన జల్లెడ పని వల్ల. గట్టు నుంచి జారే పలుచని నీటి పొర ఇసుకను అంచునే వదిలేస్తుంది. ఒండ్రు మరికొంత దూరం పోతుంది. 2 మైక్రాన్ల కన్నా సన్నని బంక రేణువులు మాత్రం నిలిచిన నీటిలో తేలుతూ నడిమికి చేరి, రోజుల తరబడి మెల్లగా దిగుతాయి. గాలి మోసుకొచ్చే దుమ్ము కూడా కలుస్తుంది. మొదటి సరుకంతా బ్లాక్‌వాటర్ డ్రా అనే నిక్షేపం నుంచి వచ్చింది. ప్లీస్టొసీన్ యుగంలో గాలి పరిచిన ఆ మట్టి పీఠభూమిని దుప్పటిలా కప్పి ఉంది.

రాండల్ మట్టిలో దాదాపు సగం, కొన్నిచోట్ల అంతకు మించి బంక ఉంటుంది. అందులో ఎక్కువ పాలు స్మెక్టైట్ ఖనిజానిది. రంగు ముదురు బూడిద. ఈ నలుపు చూసి సారం దండిగా ఉందనుకుంటే పొరపాటు, సేంద్రియ కర్బనం తక్కువే. నల్లరేగడిలోనూ ఇదే సంగతి. కొద్దిపాటి సేంద్రియ పదార్థం బంక రేణువులకు గట్టిగా పట్టుకుని అంత రంగునిస్తుంది. రాండల్‌లో ఇంకో కారణం కూడా ఉంది. నీరు నిలిచిన కొద్ది రోజులకే మట్టిలోని సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్‌ను వాడేసి, తరువాత ఇనుప ఆక్సైడుల మీద పడతాయి. ఎరుపు, పసుపు రంగులిచ్చే ఇనుము కరిగి కదులుతుంది, మట్టి బూడిద తేలుతుంది. మళ్ళీ ఎండితే వేళ్ళ వెంట, పగుళ్ళ వెంట సన్నని తుప్పు మరకలు మిగులుతాయి.

ఆ మరకలు చూసి ఇది నీటి నేల అని తేల్చడం సర్వేయర్ల మామూలు పద్ధతి. ప్లాయాల దగ్గర ఆ పద్ధతి తడబడుతుంది. మట్టి ముందే ముదురు రంగులో ఉంటుంది, నీరు నిలిచే కాలం ఏటా ఒకటి కాదు, ఉబ్బు సంకోచాల్లో మట్టి కదులుతూ ఉంటుంది. అందుకే నీటి నేలల గుర్తుల అధికారిక జాబితాలో ఇలాంటి మైదానపు పల్లాల కోసం ఒక ప్రత్యేక గుర్తును చేర్చవలసి వచ్చింది.

ఉబ్బు, నెర్రె

స్మెక్టైట్ అతి పలుచని పొరల ఖనిజం. రెండు పొరల మధ్య నీరు దూరితే అవి ఎడమవుతాయి, నీరు పోతే దగ్గరవుతాయి. ఒక్కొక్క పొర దగ్గర జరిగేది నానోమీటరులో భాగమే అయినా, కోట్లాది పొరల మార్పు కలిసి నేలను కదిలిస్తుంది. ఎండిన రాండల్ నేలలో చేతివేళ్ళు దూరేంత వెడల్పున నెర్రెలు విచ్చి మీటరు లోతుకు పైగా దిగుతాయి. తడిసినప్పుడు లోపలి మట్టికి పక్కలకు జరగడానికి చోటుండదు. ఒత్తిడి పెరిగి ఏటవాలుగా తెగి, ఒక ముద్ద మరో ముద్ద మీద జారుతుంది. జారిన ముఖాలు నున్నగా, గీతలతో మెరుస్తాయి. వర్టిసాల్‌ను గుర్తించడానికి గుంట తవ్విన నేల శాస్త్రవేత్త మొదట వెదికేది ఆ జారుడు ముఖాలనే. ఆ కదలిక పైకి కూడా తెలుస్తుంది. కదపని ప్లాయా అడుగున గిల్గై అనే చిన్న చిన్న మిట్టలు, గుంతలు తేలతాయి.

రేగడిని తనను తాను దున్నుకునే నేల అంటారు. పైమట్టి నెర్రెల్లో రాలి, అడుగుకు చేరి, ఏళ్ళు గడిచేసరికి నేలంతా కలగాపులగమవుతుందని ఆ మాట వెనకున్న ఊహ. పాఠ్యపుస్తకాలు దీన్ని కొంచెం పెంచి చెబుతాయి. రేడియోకార్బన్ పద్ధతిలో వర్టిసాల్‌ల వయసు కట్టినప్పుడు లోతుకు పోయేకొద్దీ సేంద్రియ పదార్థం వయసు పెరుగుతూనే కనిపించింది. పూర్తిగా తిరగబడే నేలలో అలా ఉండదు. కలయిక జరుగుతుంది, కానీ పాక్షికంగా. ఏటవాలు జారుడుదే పెద్ద పాత్ర.

ఇక ప్లాయా నీటి లెక్కంతా ఈ నెర్రెల మీదే ఆధారపడుతుంది. ఎండి విచ్చిన అడుగు మీదికి తొలి వరద వచ్చినప్పుడు నీరు నిలవదు, నెర్రెల్లోంచి గబగబా లోతుకు దిగుతుంది. కొన్ని గంటల్లో, రోజుల్లో మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. అప్పుడు గాని కుంట నిండదు. ఆ తరువాత అడుగు నుంచి ఇంకేది చాలా స్వల్పం, సూర్యుడు తీసుకుపోయేదే ఎక్కువ. ఇలా ఒకే మట్టి వానాకాలపు మొదట్లో గరాటుగానూ తరువాత మూతగానూ పనిచేస్తుంది. చూసేవాళ్ళు ఎక్కువగా మూత పడ్డాకే వస్తారు గనుక దీన్ని చుక్క నీరు దిగనివ్వని నేలగా చాలాకాలం తలచారు.

అడుగున ఏముంది

లానో ఎస్టకాడో కింద ఒగలాలా అనే భూగర్భజల భాండాగారం ఉంది. ఎనిమిది రాష్ట్రాల కింద సుమారు 4.5 లక్షల చదరపు కిలోమీటర్లు వ్యాపించి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత బోర్లు, పంపులు పెరిగి, టెక్సస్‌లో కొన్నిచోట్ల నీటిమట్టం 30 మీటర్లకు మించి పడిపోయింది. ఈ నీరు ఎక్కడి నుంచి తిరిగి చేరుతుందన్నది అందువల్ల రైతుల బతుకు ప్రశ్న. ప్లాయాలు ఆవిరిబానలే తప్ప ఊటనిచ్చేవి కావన్న అభిప్రాయం చాలాకాలం బలంగా నడిచింది.

దాన్ని కదిలించిన పరిశీలనల్లో ఒకటి అమరిల్లో దగ్గరి పాంటెక్స్ అణ్వాయుధ కర్మాగారం ఆవరణలో జరిగింది. కలుషితాలు భూగర్భజలంలోకి దిగుతున్నాయా అన్న ఆందోళన అక్కడ పరిశోధనకు కారణమైంది. బ్రిజెట్ స్కాన్లన్, రిచర్డ్ గోల్డ్‌స్మిత్ 1997లో ప్రచురించిన ఫలితాల్లో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కుంటల మధ్య మెరకల కింద మట్టిలో క్లోరైడ్ పేరుకుని ఉంది. నీరు దిగకుండా ఆవిరవుతూ ఉంటేనే ఉప్పు అలా మిగులుతుంది. ప్లాయాల కింద క్లోరైడ్ తక్కువ. పైగా అక్కడ ట్రిటియం దొరికింది. 1950, 60 దశకాల అణుపరీక్షలతో వాననీటిలో పెరిగిన ఈ ఐసోటోపు అంత లోతున ఉందంటే ఆ నీరు ఇటీవలిదే. ప్లాయా కింద ఏడాదికి 60 నుంచి 120 మిల్లీమీటర్ల నీరు దిగుతున్నట్టు వారు అంచనా వేశారు, మెరకల కింద దాదాపు ఏమీ లేదు. వేళ్ళు చొచ్చిన దారులూ మట్టి పెళ్ళల మధ్య సందులూ ఇందుకు తోవలు. కుంట బాగా నిండినప్పుడు బంకమట్టి హద్దు దాటి అంచుల్లోని తేలిక నేలకు చేరిన నీరు కూడా ఇంకుతుంది. విస్తీర్ణంలో ప్లాయాలు మైదానంలో కొద్ది శాతమే. ఊటలో వాటి వాటా మాత్రం ప్రధానం.

ఇన్ని పల్లాలు ఎలా పుట్టాయన్నది వందేళ్ళకు పైగా నడిచిన వాదం. 1895లో జి.కె. గిల్బర్ట్ గాలి తవ్వి పోసిందన్నాడు. మరికొందరు నేల కుంగిందన్నారు, అడవిదున్నలు పొర్లి పొర్లి గుంతలు చేశాయన్నవారూ ఉన్నారు. 1987లో ఆస్టర్‌క్యాంప్, వుడ్ కొత్త వాదం తెచ్చారు. పల్లంలో నిలిచిన నీరు సేంద్రియ ఆమ్లాలను కిందికి మోసి, దిగువనున్న గట్టి సున్నపు పొరను కరిగిస్తుంది, దానితో పల్లం మరింత విస్తరిస్తుందని వారి మాట. పెద్ద ప్లాయాలకు తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో నెలవంక ఆకారపు మట్టి దిబ్బలున్నాయి, గాలి పనికి అవే సాక్ష్యం. 1990లలో వాన్స్ హాలిడే, సూసన్ హొవోర్కా, థామస్ గుస్తావ్‌సన్ పలు కుంటల్లో లోతుగా తవ్వి చూశాక ఏ ఒక్క కారణమూ అన్నిటికీ సరిపోదని తేలింది. గాలి, నీరు, కరగడం ఒకదానికొకటి తోడయ్యాయి. రాబర్ట్స్ కౌంటీలో మయామి అనే ఊరి దగ్గర ఇలాంటి ఒక చిన్న కుంట పూడికలో 1930లలో మామత్ ఏనుగుల ఎముకలు, క్లోవిస్ అనే ప్రాచీన సంస్కృతికి చెందిన వేటగాళ్ళ రాతి మొనలతో సహా బయటపడ్డాయి. అంటే దాదాపు 13 వేల ఏళ్ళ కిందట కూడా అక్కడ దప్పిక తీర్చుకునే కుంట ఉండేది.

ఈ అడుగున బతికే ప్రాణులు మట్టి క్రమానికే అలవాటు పడ్డాయి. ఫెయిరీ రొయ్యల గుడ్లు ఎండిన మట్టిలో ఏళ్ళ తరబడి ఉండి నీరు తగలగానే పొదుగుతాయి. వెనక కాలి మడమల దగ్గర పార లాంటి గట్టి అంచు ఉన్న కప్పలు నేలలోంచి పైకి వచ్చి, కుంట ఎండేలోగా పిల్లలు తోకకప్ప దశ దాటేలా తొందరగా గుడ్లు పెడతాయి. తడి ఆరుతున్న అడుగున మొలిచే ఊద, స్మార్ట్‌వీడ్ గింజలు చలికాలంలో వలస వచ్చే బాతులకూ కొంగలకూ మేత. ఏళ్ళ తరబడి నీరు నిండే ఉండే ప్లాయా కన్నా ఎండుతూ నిండుతూ ఉండే ప్లాయాయే పక్షులకు ఎక్కువ మేత ఇస్తుంది.

ఇలాంటి నేలలు ఇంకెక్కడ

నెబ్రాస్కా దక్షిణ మధ్య భాగంలో రెయిన్‌వాటర్ బేసిన్ కుంటల అడుగు చూడటానికి ఇలాగే ఉన్నా తయారైన తీరు వేరు. అక్కడ గాలి పరిచిన ఒండ్రు మీద నీరు నిలిచి, సన్నని బంకను పై పొర నుంచి కిందికి దింపింది. పైన తేలిక మట్టి, దాని కింద గట్టి బంక పొర. స్కాట్, మాసీ, ఫిల్‌మోర్ అనే ఆ నేలలు వర్టిసాల్‌లు కావు. అవి నీటిని నిలిపేది ఆ అడుగు పొర బలంతోనే, అది చిల్లి పడితే కుంట పోయినట్టే. ఆ ప్రాంతపు కుంటల్లో నూటికి 90 పాళ్ళు ఇప్పటికే పోయాయి. కాలిఫోర్నియా లోయలోని వసంత కుంటల్లో కొన్ని బంక పొర మీద, కొన్ని సిలికా పట్టిన రాతిలాంటి పొర మీద నిలుస్తాయి.

తెలుగు నేలకు వస్తే పోలికను జాగ్రత్తగా చెప్పాలి. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు వైపు నల్లరేగడి వర్టిసాలే గాని కుంట అడుగున పుట్టింది కాదు. రాతి శిథిలం నుంచి, ఏటి ఒండ్రు నుంచి వచ్చింది. కుంట అడుగు మట్టికి మన దగ్గర సరైన జోడీ చెరువు శిఖం. చెరువు మనిషి కట్టిందే అయినా వాన నీరు నిలవడం, సన్న మట్టి నడిమికి చేరడం, ఎండలో నెర్రెలివ్వడం ఒకే తీరు. నీరు తగ్గిన శిఖంలో పంట వేసుకోవడం, ఎండాకాలంలో పూడిక మట్టి తవ్వి చల్క చేలకు తోలుకోవడం తరాల అలవాటు. ఇసుకపాలు ఎక్కువైన నేలకు ఆ బంక తేమను పట్టి ఉంచుతుంది, కొట్టుకొచ్చిన పోషకాలనూ తిరిగి ఇస్తుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ తలపెట్టి, పూడికను రైతుల పొలాలకు మళ్ళించింది. ఇక్కడ పూడిక సరుకు. అమెరికా ప్లాయాలో అదే పూడిక చేటు. పూడిక ఎక్కడి నుంచి వచ్చింది, దాని కింద ఏముంది అన్నవే ఆ తేడాను నిర్ణయిస్తాయి.

గుంటలు, పూడిక, మరమ్మతు

ఇరవయ్యో శతాబ్దంలో లానో ఎస్టకాడో గడ్డి మైదానం చాలావరకు సేద్యంలోకి వచ్చింది. చాళ్ళలో నీరు పారించి సాగు చేసిన దశాబ్దాల్లో రైతులు ప్లాయా నడుమ లోతైన గుంటలు తవ్వారు. పొలం నుంచి జారిన నీటిని అక్కడికి చేర్చి మళ్ళీ తోడుకోవడానికి. ఎకరాల మీద పరచుకోవలసిన నీరు ఒక్క గుంటలో కూడుకుంది, మిగతా అడుగు పొడిబారింది. గుంట అడుగున ఎప్పుడూ తడే కాబట్టి అక్కడ నెర్రెలు విచ్చవు, విచ్చిన చోటికి నీరు చేరదు. పశువుల కొట్టాల మురుగును నింపుకున్న ప్లాయాలున్నాయి, రోడ్డు నడిమికి రెండుగా చీల్చినవీ ఉన్నాయి. లబ్బక్ నగరం తన ప్లాయాలను పార్కులుగా, వరదనీటి గుంటలుగా మార్చుకుంది. వాటిని పూడ్చి ఇళ్ళు కట్టడం కన్నా ఇది మేలు.

అన్నిటికన్నా పెద్ద నష్టం చప్పుడు లేకుండా జరిగేది. దున్నిన పొలం నుంచి కొట్టుకొచ్చే మట్టి ఏటా ప్లాయాలో దిగుతుంది. 1997లో లువో, లోరెన్ స్మిత్, వారి సహచరులు గడ్డి నేలల నడుమ ఉన్న ప్లాయాలనూ పొలాల నడుమ ఉన్నవాటినీ పోల్చారు. పొలాల మధ్య ఉన్నవాటిలో పూడిక ఎన్నో రెట్లు ఎక్కువ, చాలావాటికి అసలు కుంట పరిమాణమే మిగల్లేదు. ఇలా వచ్చే మట్టిలో ఒండ్రు పాలు ఎక్కువ. అది రాండల్ మీద పొరగా పరచుకుంటే కింది నెర్రెలకూ పై నీటికీ సంబంధం తెగుతుంది. గరాటు మూసుకుంటుంది. పల్లం నిండిపోవడంతో నీరు పలుచగా, వెడల్పుగా పరచుకుని తొందరగా ఆవిరవుతుంది. పైనుంచి చూసేవాడికి కుంట ఇంకా పెద్దదైనట్టు కనిపించడం ఇందులోని మోసం.

మందు కూడా ఒక్కోసారి తప్పుతుంది. 1985 వ్యవసాయ చట్టం కింద సాగు మాన్పించి ప్లాయాల చుట్టూ గడ్డి పెంచే కార్యక్రమం వచ్చింది. మట్టి కోత తగ్గింది. కానీ చాలాచోట్ల వేసినవి బయటి దేశాల ఎత్తైన దట్టమైన గడ్డి జాతులు. అవి వాన నీటిని గట్టు మీదే పట్టేయడంతో కుంటలోకి చేరే నీరు కూడా తగ్గిపోయింది. పొట్టిగా పెరిగే స్థానిక గడ్డి, ముఖ్యంగా బఫెలో గడ్డి, మట్టిని ఆపి నీటిని పోనిస్తుంది. చట్టం వైపు నుంచి దిలాసా తక్కువ. ఏ నదితోనూ సంబంధం లేని చిత్తడి నేలలకు సమాఖ్య నీటి చట్టం రక్షణను అమెరికా సుప్రీం కోర్టు 2001లో కుదించింది, 2023 తీర్పుతో మరింత బిగించింది. ఏ ఏటికీ కలవకపోవడం ప్లాయా స్వభావమే కదా. పైగా టెక్సస్‌లో ఇవి దాదాపు అన్నీ పట్టా భూముల్లోనే ఉన్నాయి.

అందువల్ల పని రైతును ఒప్పించే దారిలోనే సాగుతోంది. టెక్సస్‌లో ఒక కార్యక్రమం ప్లాయా గుంటలు పూడ్పించి, అందుకు భూమి యజమానికి డబ్బు చెల్లిస్తుంది. పద్ధతి తేలికే. గుంట తవ్వినప్పుడు గట్టున పోసిన మట్టినే తిరిగి దానిలో నింపుతారు, ఎందుకంటే అది ఆ ప్లాయా సొంత బంక. బయటి మట్టి పోస్తే ఉబ్బడంలో తేడా వచ్చి ఆ చోట నీరు వేరుగా ప్రవర్తిస్తుంది. పూడిక తీయడం ఇంతకన్నా చిక్కు పని. వచ్చి చేరిన ఒండ్రు ఎక్కడ ముగిసి అసలు బంక ఎక్కడ మొదలవుతుందో యంత్రం నడిపేవాడికి తెలియాలి. ముందుగా పలుచోట్ల గుంతలు తీసి రంగు, జిగురు చూసి హద్దు గుర్తిస్తారు. గోధుమరంగు పెళుసు మట్టి వరకు తీసేయవచ్చు. చేతిలో సాగి, విరిస్తే నున్నని ముఖంతో మెరిసే బూడిద మట్టి తగిలిన చోట ఆపేయాలి.